ఎంబీఏకు ముందు చేసే ఉద్యోగం

బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన ముగ్గురు తర్వాతి కాలంలో ప్రపంచమంతా ఎరిగిన సంస్థల పగ్గాలు పట్టారు. ముగ్గురికీ మేనేజ్‌మెంట్ చదువు ఉంది. అయితే ఆ చదువు వాళ్ల జీవితంలోకి వచ్చిన వేళ మాత్రం ఒకటి కాదు. అజయ్ బంగా ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో ఆర్థికశాస్త్రంలో డిగ్రీ చేసి ఐఐఎం అహ్మదాబాద్‌కు వెళ్లారు. అక్కడి నుంచి 1981లో నెస్లేలో మొదటి ఉద్యోగానికి చేరారు. సత్య నాదెళ్ల మణిపాల్‌లో ఇంజినీరింగ్, అమెరికాలో ఎంఎస్ చేశాక సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఆ ఉద్యోగంలో ఉండగానే వారాంతాల్లో విమానమెక్కి షికాగో వెళ్లి చదివి, 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన శంతను నారాయణ్ కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే బర్కిలీ నుంచి 1993లో ఎంబీఏ పట్టా పొందారు.

ఒకరికి చదువు ముందు, కొలువు తర్వాత. మిగతా ఇద్దరికి కొలువు ముందు. కాబట్టి ఎప్పుడు చదివితే పైకొస్తారన్న ప్రశ్నకు వాళ్ల జీవితాల్లో ఒకే జవాబు దొరకదు. బీటెక్ ఆఖరి ఏడాదిలో ఆఫర్ లెటర్ చేతికొచ్చి, మనసులో మాత్రం ఎంబీఏ మెదులుతున్న పిల్లలకు నిజంగా అక్కరకొచ్చే ప్రశ్న వేరే ఉంది. మధ్యలో చేయబోయే ఆ రెండు మూడేళ్ల ఉద్యోగం ఎలాంటిదై ఉండాలి? అందులో ఏం నేర్చుకోవాలి? కోచింగ్ సెంటర్లలో పర్సంటైల్ గురించి గంటలకొద్దీ చెబుతారు గానీ, దీని గురించి ఎవరూ స్థిమితంగా కూర్చోబెట్టి చెప్పరు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఎటు వెళ్లాలో తేల్చుకోవాలి. బిజినెస్ స్కూలు అని ఒకే మాటతో చెప్పేస్తాం గానీ, దారులు వేర్వేరు. ఒక్కో దారిలో ఉద్యోగానుభవానికి ఒక్కో విలువ.

మొదటిది మన దేశంలోని రెండేళ్ల కోర్సు. 1961లో కలకత్తా, అహ్మదాబాద్‌లలో మొదలైన ఐఐఎంలు ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. 2015లో విశాఖపట్నానికీ ఒకటి వచ్చింది. వీటికి ఏటా నవంబరు చివర జరిగే క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఉద్యోగం చేయని వాళ్లు కూడా రాయొచ్చు, ఏటా ఎందరో అలాగే నేరుగా చేరుతున్నారు. ఇంటర్వ్యూకు పిలిచేటప్పుడు గానీ, ఆ తర్వాత గానీ చాలా ఐఐఎంలు క్యాట్ స్కోరుతో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులను, ఉద్యోగానుభవాన్ని కలిపి చూస్తాయి. ఏ ఐఐఎం దేనికెంత విలువ ఇస్తుందో తన వెబ్‌సైట్‌లోనే ప్రకటిస్తుంది. ఆ లెక్కలు ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏడాది పత్రమే చదవాలి. ఉదాహరణకు బెంగళూరు ఐఐఎం ఇటీవలి సంవత్సరాల్లో వాడిన లెక్క ప్రకారం 36 నెలల వరకు అనుభవానికి పాయింట్లు పెరుగుతూ పోతాయి. ఆ పైన ఎన్నేళ్లు చేసినా ఆ పద్దులో అదనంగా వచ్చేదేమీ లేదు. అంటే ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మూడేళ్ల ఉద్యోగం చక్కగా సరిపోతుంది. ఆరేళ్లు చేసి వెళితే, ఏడాది కోర్సులుండగా ఇక్కడికెందుకు వచ్చావని ఇంటర్వ్యూ బోర్డు అడుగుతుంది. అడగడం న్యాయమే.

రెండోది ఏడాది కోర్సు. 2001లో గచ్చిబౌలిలో తలుపులు తెరిచిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) ఇందులో మన వాళ్లకు బాగా తెలిసిన పేరు. దాని ప్రధాన కోర్సుకు కనీసం 24 నెలల పూర్తికాల ఉద్యోగం కావాలి. జీమ్యాట్ గానీ జీఆర్ఈ గానీ రాయాలి. రెండేళ్లన్నది గుమ్మం మాత్రమే, చేరేవాళ్లలో చాలామందికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఐఐఎంలు నడిపే ఏడాది కోర్సులకైతే సాధారణంగా నాలుగైదేళ్లు అడుగుతారు.

మూడోది విదేశం. అమెరికాలోని పెద్ద స్కూళ్లు చాలావరకు ఇన్నేళ్లు ఉండి తీరాలని నియమం పెట్టవు. కానీ తరగతిలో కూర్చునేవాళ్ల సగటు అనుభవం అయిదేళ్ల దగ్గర ఉంటుంది. డిగ్రీ చదువుతుండగానే సీటు ఖాయం చేసి, కొన్నేళ్లు పనిచేసి రమ్మనే పద్ధతి కూడా ఉంది. హార్వర్డ్‌లో దాన్ని టూ ప్లస్ టూ అంటారు. ఐఎస్‌బీ కూడా యంగ్ లీడర్స్ ప్రోగ్రామ్ పేరుతో ఇలాంటిది నడిపింది. ఈ పద్ధతి గురించి మన జిల్లాల కాలేజీల్లో చాలామందికి తెలియనే తెలియదు, తెలిసేసరికి ఆఖరి ఏడాది దాటిపోయి ఉంటుంది. బాగా చదివే పిల్లలున్న ఇంట్లో మూడో సంవత్సరంలోనే ఈ మాట చెవిన వేయాలి. సీటు ముందే చేతిలో ఉంటే మొదటి ఉద్యోగాన్ని ధైర్యంగా ఎంచుకోవచ్చు. జీతం కాస్త తక్కువైనా నచ్చిన పనిలోకి దూకొచ్చు.

ఇక అసలు విషయం. అనుభవం అంటే బిజినెస్ స్కూళ్ల ఉద్దేశం ఏమిటి?

మన దగ్గర అనుభవాన్ని ఏళ్లతో కొలుస్తాం, కంపెనీ పేరుతో తూస్తాం. దరఖాస్తు చూసేవాళ్లు మాత్రం ఇంకోటి వెతుకుతారు. నువ్వు అక్కడ ఉండబట్టి ఏం మారింది? నువ్వు లేకపోతే ఏం జరిగేది కాదు? పెద్ద కంపెనీలో మూడేళ్లున్నా దీనికి జవాబు లేనివాళ్లు ఉంటారు. ఊరూపేరూ లేని సంస్థలో ఏడాదిన్నర చేసి గట్టి జవాబు చెప్పగలిగినవాళ్లూ ఉంటారు. కంపెనీ పేరు రెజ్యూమె మీద ఒకసారి కంటిని ఆపుతుంది. ఆ తర్వాత మాట్లాడాల్సింది మీ పని.

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ ముగించినవాళ్లలో ఎక్కువమందికి దొరికే మొదటి కొలువు ఏదో ఒక ఐటీ సేవల కంపెనీలో. కొన్ని నెలలు శిక్షణ, కొన్ని వారాలో నెలలో ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద, ఆపైన ఏ ప్రాజెక్టు వస్తే అది. చాలామందికి వచ్చేది సపోర్ట్ ప్రాజెక్టు. విదేశీ బ్యాంకుకో, బీమా సంస్థకో చెందిన పాత సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా ఆగిపోతే టికెట్ వస్తుంది, దాన్ని సరిచేసి మూసేయాలి. రాత్రి షిఫ్టులు. ఇందులో ఎంబీఏకు పనికొచ్చేదేముంది అని నిరాశపడే పిల్లల్ని చాలామందిని చూశాను. నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి అంత దగ్గరి చోటు మరొకటి లేదు, చూసే కన్ను ఉంటే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ప్రతి నెలాఖరునా ఒకే రకం టికెట్ వస్తోంది. అందరూ దాన్ని మూసేసి వెళ్లిపోతున్నారు. మీరు ఆరు నెలల పాత టికెట్లు తీసి చూశారు. ఖాతాల లెక్క ముగించే రోజున రెండు పనులు ఒకేసారి నడవడం వల్ల అది ఆగుతోందని తేలింది. వేళ మార్చమని సూచించారు. టీమ్ లీడ్ ఒప్పుకోలేదు, క్లయింట్‌ను అడగాలన్నారు. మీరు పేజీన్నర నోటు రాశారు. నెలకు ఎన్ని గంటలు వృథా అవుతున్నాయో, ఆలస్యం వల్ల బ్యాంకు వైపు ఎవరు ఎదురుచూస్తూ కూర్చుంటున్నారో అందులో చెప్పారు. మార్పు జరిగింది, టికెట్లు ఆగాయి. ఇందులో కోడింగ్ పెద్దగా లేదు. సమస్యను చూడటం ఉంది, కారణం పట్టడం ఉంది. అధికారం లేకుండానే పైవాళ్లను ఒప్పించడం ఉంది, ఫలితాన్ని అంకెల్లో చెప్పడం ఉంది. బిజినెస్ స్కూలు దరఖాస్తు వ్యాసంలో అడిగేది దాదాపు ఇదే. ఇంటర్వ్యూలో అరగంట సేపు తిప్పి తిప్పి అడిగేదీ ఇదే.

అందుకని మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు కొన్ని ప్రశ్నల్ని తమకు తామే వేసుకుంటూ ఉండాలి. ఈ పనికి మా కంపెనీకి డబ్బు ఎవరిస్తున్నారు? గంటల లెక్కనా, పని లెక్కనా? మమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారు? వచ్చే ఏడాది ఈ కాంట్రాక్టు పోతే ఎందుకు పోతుంది? నేను ఏ బ్యాంకు ప్రాజెక్టులో ఉన్నానో ఆ బ్యాంకుకు లాభం ఎక్కడి నుంచి వస్తుంది? ఇవి మేనేజర్‌తో టీ తాగేటప్పుడు అడగదగిన ప్రశ్నలే, ఎవరూ తప్పుపట్టరు. మీ కంపెనీ ఆదాయం ఎలా వస్తుందని బోర్డు అడిగితే నోరు మెదపలేక తిరిగొచ్చే ఇంజినీర్లు ఉన్నారు. తెలివి తక్కువై కాదు. మూడేళ్లపాటు తమ స్క్రీన్ అవతలికి చూడమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆఫర్లు రెండు ఉంటే? ఒకటి పెద్ద సంస్థ, ఒకటి చిన్న స్టార్టప్. ఇంటి మీద అప్పుంటే, నెలనెలా జీతం ఆగకుండా రావాల్సిన పరిస్థితి ఉంటే, మరో ఆలోచన లేకుండా పెద్ద సంస్థలో చేరండి. దానికి సంజాయిషీ అక్కర్లేదు. ఆ ఒత్తిడి లేనివాళ్లు మాత్రం బాధ్యత ఎక్కడ త్వరగా చేతికొస్తుందో చూసుకోవాలి. చిన్న సంస్థలో ఏడాది తిరగకుండానే కస్టమర్‌తో నేరుగా మాట్లాడతారు, ధర నిర్ణయించే చర్చలో కూర్చుంటారు, ఇద్దరు కొత్తవాళ్లకు పని నేర్పుతారు. ప్రమాదం కూడా ఉంది, సంస్థ మూతపడొచ్చు. అందుకే మొదటి నెల నుంచే అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, పీఎఫ్ ఖాతా, ఫారం 16 భద్రంగా పెట్టుకోవాలి. సంస్థ మూతపడినా మీ అనుభవం చెల్లుతుంది, కాగితం ఉంటేనే.

కాగితం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పని చేయకుండానే అనుభవ పత్రం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు మన మధ్య ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. పేరున్న స్కూళ్లు సీటిచ్చాక పాత యజమానుల దగ్గర విచారణ చేయిస్తాయి. అబద్ధం బయటపడితే సీటు పోతుంది, చదువు మధ్యలో తేలినా పోతుంది. అలాగే ఇంటర్న్‌షిప్పులను, కాలేజీ ప్రాజెక్టులను ఉద్యోగంగా లెక్కకట్టడం కూడా సరికాదు. సాధారణంగా డిగ్రీ పూర్తయ్యాక చేసిన పూర్తికాల ఉద్యోగాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

హైదరాబాద్ ఐటీలో ఏడాదికోసారి కంపెనీ మారి హైక్ కొట్టడం అలవాటైపోయింది. జీతం కోసం మారడం తప్పేమీ కాదు. కానీ మూడేళ్లలో మూడు కంపెనీలు మారిన రెజ్యూమెలో ఏ పనీ చివరిదాకా కనబడదు. మొదలుపెట్టినదాని ఫలితం చూసేలోపే మనిషి అక్కడ ఉండడు. ఒకేచోట రెండేళ్లుండి, పదోన్నతి పొంది, కొత్తవాళ్లకు నేర్పే స్థాయికి వచ్చినవాళ్ల కథ వినడానికి ఎంతో బలంగా ఉంటుంది. ఎంబీఏకు వెళ్లదలుచుకున్నవాళ్లు ఇంకో పదివేల జీతం కోసం ఆ కథను మధ్యలో తుంచేయకపోవడం మంచిది.

కంప్యూటర్ ముందు కూర్చునే కొలువులే కొలువులు అనుకోనక్కర్లేదు. బిజినెస్ స్కూళ్లకు మగపిల్లలు, ఇంజినీర్లు, ఐటీ ఉద్యోగులు భారతదేశం నుంచి కుప్పలుతెప్పలుగా దరఖాస్తు చేస్తారు. ఆ గుంపులో విడిగా కనబడటం కష్టం. డాక్టర్లు, సైన్యంలో అధికారులుగా చేసినవాళ్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, మందుల ఫ్యాక్టరీలో ఉత్పత్తి విభాగంలో నిలబడి పనిచేసినవాళ్లు తరగతికి వేరే చూపు తెస్తారు. టీచ్ ఫర్ ఇండియా అనే సంస్థ 2009 నుంచి రెండేళ్ల ఫెలోషిప్ నడుపుతోంది. హైదరాబాద్‌లోనూ దాని ఫెలోలు పేదపిల్లల తరగతి గదుల్లో పాఠాలు చెబుతున్నారు. జీతం తక్కువే. కానీ నలభైమంది పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని, హెడ్మాస్టర్‌ని కలుపుకుని ముందుకెళ్లడంలో వచ్చే నేర్పు ఆఫీసులో అంత త్వరగా రాదు. ఇది చేస్తే సీటొస్తుందని చేరకూడదు. పిల్లలకు అన్యాయం జరుగుతుంది, మీ వ్యాసంలోనూ ఆ బోలుతనం తెలిసిపోతుంది. నిజంగా మనసున్నవాళ్లు మాత్రం కెరీర్ పాడవుతుందేమోనని వెనక్కి తగ్గవద్దు.

ఇంట్లో వ్యాపారం ఉన్న పిల్లల సంగతి కొంచెం వేరు. మిర్యాలగూడలో రైస్ మిల్లు, భీమవరంలో రొయ్యల చెరువులు, గుంటూరులో మిర్చి వ్యాపారం. ఇలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకు డబ్బు ఎలా తిరుగుతుందో చిన్నప్పుడే తెలుస్తుంది. కానీ నాన్నగారి ఆఫీసులో రెండేళ్లు కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. కాబట్టి ఒక పనిని పూర్తిగా తమ చేతిలోకి తీసుకోవాలి. రావాల్సిన బాకీల వసూలు కావచ్చు, కరెంటు ఖర్చు తగ్గించడం కావచ్చు, కొత్త ఊళ్లో సరుకు అమ్మడం కావచ్చు. ముందెంత, తర్వాతెంత అన్నది పుస్తకాల్లో కనబడాలి. సిఫారసు లేఖ నాన్నగారు ఇస్తే చెల్లదు కదా, సరుకిచ్చే వ్యాపారితోనో, ఆడిటర్‌తోనో, పాత కస్టమర్‌తోనో రాయించుకోవాలి. రెండేళ్లు బయట ఉద్యోగం చేసి ఇంటికి వస్తే ఇంకా మంచిదని నా నమ్మకం. మరొకరి కింద పనిచేసినవాళ్లకు రేపు తమ కింద పనిచేసేవాళ్ల కష్టం తెలుస్తుంది. కుటుంబ వ్యాపారాల వారసుల కోసమే ఐఎస్‌బీలో విడిగా ఒక కోర్సు ఉంది, అదీ పరిశీలించదగినదే.

ఆడపిల్లల విషయంలో లెక్క ఇంకోలా ఉండొచ్చు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి తర్వాత చదవమని చెప్పడం తేలికే. ఆ రెండేళ్లలో ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెడితే, ఆ తర్వాత చదువు మాట ఎత్తనిచ్చేవాళ్లు ఎందరు? అలాంటి ఇంట్లో ఉన్న అమ్మాయికి నేను చెప్పేది ఒకటే. ఆఖరి ఏడాదిలోనే క్యాట్ రాయమ్మా, మంచి సీటొస్తే వెళ్లిపో. అనుభవం తర్వాత వస్తుంది. సీటుకు ముందు వచ్చినా తర్వాత వచ్చినా అది అనుభవమే. అజయ్ బంగా వెళ్లిన దారి కూడా అదే. చాలా ఐఐఎంలు అమ్మాయిలకు కొన్ని అదనపు పాయింట్లు ఇస్తున్నాయన్నదీ గుర్తుంచుకోవాలి.

పరీక్షల గురించి క్లుప్తంగా. క్యాట్ స్కోరు ఆ ఒక్క ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది. జీమ్యాట్, జీఆర్ఈ స్కోర్లు అయిదేళ్లు చెల్లుతాయి. కాబట్టి ఐఎస్‌బీకో విదేశానికో వెళ్లదలిస్తే, చదువు అలవాటు పోకముందే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే ఆ పరీక్ష రాసేయడం తెలివైన పని. 2023 చివర్లో వచ్చిన కొత్త జీమ్యాట్ రెండుంపావు గంటల పరీక్ష, 805 వరకు స్కోరు. ఆఫీసు చేస్తూ ఆర్నెల్లలో సిద్ధం కావచ్చు. క్యాట్ కోసం ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడాన్ని మాత్రం నేను ప్రోత్సహించను. సీటు రాకపోతే ఏడాది ఖాళీ మిగులుతుంది, దానికి ఇంటర్వ్యూలో జవాబు చెప్పుకోవాలి. వచ్చినా ఏడాది జీతమూ ఏడాది అనుభవమూ పోయినట్టే.

డబ్బు లెక్క మొదటి జీతం రోజు నుంచే మొదలుకావాలి. పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు పాతిక లక్షల రూపాయల చుట్టుపక్కల ఉంది. అమెరికాలోని పేరున్న స్కూళ్లలో ఫీజు, బస, తిండి కలిపితే రెండేళ్లకు రెండు లక్షల డాలర్లు దాటుతుంది. చదివాక అక్కడే ఉద్యోగం చేద్దామనుకుంటే ఓపీటీ అనే పని అనుమతి కింద ఏడాది, కోర్సు స్టెమ్ జాబితాలో ఉంటే మరో రెండేళ్లు అవకాశం ఉంటుంది. ఆ తర్వాత హెచ్-1బీ వీసా లాటరీ దయ. ఆ లాటరీ తగలకపోయినా అప్పు తీర్చగలనా అని ముందే వేసుకున్న లెక్కే అసలైన లెక్క. ఇంటి పత్రాలు తాకట్టు పెట్టే తల్లిదండ్రులకు ఈ మాట దాచకుండా చెప్పాలి. ఉద్యోగ కాలంలో కొత్త బైకు, పెద్ద ఫోను, క్రెడిట్ కార్డు వాయిదాలు తగ్గించుకుని నాలుగైదు లక్షలు వెనకేసినా అప్పు భారం కొంత దిగుతుంది. పాత అప్పులు లేకుండా, సిబిల్ స్కోరు చెడకుండా ఉంటే బ్యాంకు దగ్గర మాట కూడా నెగ్గుతుంది.

ఇక చివరి ఏడాదిలో చూసుకోవాల్సినవి. ఐఎస్‌బీకి, విదేశీ స్కూళ్లకు పై అధికారి సిఫారసు లేఖ కావాలి. దరఖాస్తు గడువుకు వారం ముందు వెళ్లి అడిగితే ఎవరైనా ముక్తసరిగా నాలుగు మంచి మాటలు రాసి పంపుతారు, వాటితో పని జరగదు. మీ పనిని దగ్గర నుంచి చూసిన మేనేజర్‌కు ఆరేడు నెలల ముందే మీ ఉద్దేశం చెప్పండి. ఏయే పనులు కలిసి చేశారో ఒక కాగితం మీద గుర్తుచేయండి, లేఖ మాత్రం ఆయన్నే రాయనివ్వండి. మీరే రాసి సంతకం పెట్టించుకోవడం మన దగ్గర మామూలైపోయింది గానీ, అది మోసం. మీ వ్యాసమూ సిఫారసు లేఖా ఒకే గొంతులో మాట్లాడితే చదివేవాళ్లు పసిగడతారు కూడా. వెళ్లిపోతాడని తెలిస్తే ప్రాజెక్టులోంచి తీసేస్తారేమోనన్న భయం అందరికీ ఉంటుంది. అలా భయపెట్టే మేనేజర్ అయితే, పాత ప్రాజెక్టు మేనేజర్‌ను గానీ, మీ పని తెలిసిన క్లయింట్ వైపు అధికారిని గానీ అడగవచ్చు.

నోటీసు పీరియడ్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. చాలా ఐటీ కంపెనీల్లో అది 90 రోజులు. ఐఐఎం తుది జాబితాలు వేసవిలో వస్తాయి, తరగతులు జూన్ ప్రాంతంలో మొదలవుతాయి. జాబితా చూశాక రాజీనామా ఇస్తే రోజులు చాలవు, రిలీవింగ్ లెటర్ లేకుండా వెళితే అనుభవానికి ఆధారం ఉండదు. మిగిలిన రోజులకు జీతం కట్టి బయటపడే వీలుందా, సెలవులు సర్దుబాటు చేస్తారా, శిక్షణ బాండ్ గడువు ముగిసిందా అన్నవి ఇంటర్వ్యూలు జరుగుతున్న ఫిబ్రవరి, మార్చిలోనే హెచ్ఆర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోవాలి.